బిస్మతు వెలుగు: రంగు మారిన చాలునా?

చెడిపోయిన ఎల్.ఇ.డి. దీపమొకదాని బుడ్డిని ఊడదీసి చూచినచో, లోపలి పలకపై చిన్న చిన్న పసుపుపచ్చని బిళ్లలు అమర్చబడి యుండుట కనిపించును. తెల్లగా వెలుగు దీపములో పసుపు బిళ్లలెందుకని విద్యార్థులు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. బిళ్లలో అడుగున నున్న ఇండియము, గాలియము నైట్రైడు తునక వెలువరించునది నీలికాంతి మాత్రమే. దాని తరంగదైర్ఘ్యము సుమారు 450 నానోమీటర్లు. పైనున్న పసుపుపొడి ఆ నీలికాంతిలో కొంత భాగమును మ్రింగి, 550 నానోమీటర్ల దరిదాపున శిఖరము గల విశాలమైన పసుపుకాంతిగా మార్చి విడుచును. మ్రింగబడక మిగిలిన నీలమును, క్రొత్తగా పుట్టిన పసుపును కలిసి కంటికి తెలుపుగా తోచును.

ఇట్లు ఒక కాంతిని మ్రింగి మరియొక కాంతిని విడుచు పొడులకు ఫాస్ఫరులని పేరు. అగ్గిపెట్టె ప్రక్కను పూయు భాస్వరమునకును వీనికిని పేరులోని పోలిక తప్ప వేరు సంబంధము లేదు. దీపములోని పసుపుపొడి యిట్రియము అల్యూమినియము గార్నెట్ అను స్ఫటికము. అందు యిట్రియముండవలసిన చోట్లలో నూటికి కొలది చోట్లను సీరియము ఆక్రమించుకొని యుండును. వెలుగునది ఆ సీరియమే. తక్కినదంతయు దానికి ఆశ్రయమిచ్చు ఇల్లు వంటిది. కాంతివంతమైన నీలి ఎల్.ఇ.డి. 1993 లో జపానులో వెలువడినది. 1996 లో అది ఈ పొడితో చేరి తెల్లదీపముగా అంగడికి వచ్చినది. నీలికాంతిని సాధించిన అకసాకి, అమానో, నకమూరలకు 2014 లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ దీపమునకు ఒక కొరత కలదు. చీరల అంగడిలో ఎఱ్ఱచీరను ఎంచుకొన్నవారు దానిని వాకిలికి తెచ్చి పగటి వెలుతురులో ఒకమారు చూచుకొనుట అందరెరిగినదే. సీరియము విడుచు కాంతిలో ఎరుపు పాలు తక్కువ. వస్తువు తనపై పడిన కాంతిలో ఉన్న ఎరుపునే తిప్పి పంపగలదు గాని, లేని ఎరుపును సృష్టింపలేదు. ఈ కొరతను తీర్చుటకు పలు మార్గములు వెదకబడినవి. ఆ వెదకులాటలో ఇటీవలి సంవత్సరములందు విస్తారముగ వినవచ్చుచున్న పేరు బిస్మతు. బిస్మతు కలిపిన ఫాస్ఫరుల రంగును నీలము మొదలు ఎరుపు వరకు కోరినట్లు మార్చవచ్చుననియు, విరళ మృత్తిక లోహముల అవసరము దీనితో తీరిపోవుననియు, కనుక తెల్లదీపములకు ఇది మిక్కిలి అనువైనదనియు పరిశోధన పత్రములు పదేపదే చెప్పుచున్నవి. ఈ మాటలలో మొదటిది నిజము. రెండవది సగమైనను నిజము కాదు. మూడవది ఇంకను నిరూపింపబడవలసి యున్నది. మొదటిది నిజమైనంత మాత్రమున మూడవది దానంతట అదే సిద్ధించినట్లు వ్రాయుటయే ఈ సాహిత్యములోని ప్రధానమైన లోపము.

ముందుగా నిజమైన దానిని చూడవలెను. అది మిక్కిలి అందమైన రసాయనశాస్త్రము.

బిస్మతు పరమాణు సంఖ్య 83. సీసముతోను తగరముతోను పొరబడుచుండిన ఈ లోహము వేరని 1753 లో ఫ్రాన్సు దేశీయుడు క్లాడ్ జ్యోఫ్రువా స్పష్టపరచెను. సీసమునకు పొరుగుదైనను సీసమువలె విషము కాదు. దీని లవణములు కడుపునొప్పి మందులలో వాడుకలో నున్నవి. ఫాస్ఫరులలో బిస్మతు సాధారణముగా మూడు ఎలక్ట్రానులను కోల్పోయిన అయానుగా ఉండును. అట్లు కోల్పోయిన పిమ్మట దాని వెలుపలి అంచున ఆరవ కక్ష్యకు చెందిన రెండు ఎలక్ట్రానులు జంటగా మిగులును. కాంతిని మ్రింగునది, విడుచునది ఈ జంటయే.

వెలుపలి అంచున అన్న మాటలోనే కీలకమంతయు ఉన్నది. పోలికకు యూరోపియమును తీసికొనవచ్చును. మూడు ఆవేశముల యూరోపియములో వెలుగునకు కారణమైన ఎలక్ట్రానులు నాల్గవ కక్ష్యలో, ఐదవ కక్ష్య ఎలక్ట్రానుల మరుగున ఉండును. అవి లోపలి గదిలో తలుపు వేసికొని కూర్చున్నవాని వంటివి. వీధిలో ఏమి జరిగినను వానికి అంతగా పట్టదు. అందుచేతనే యూరోపియమును ఏ స్ఫటికములో నుంచినను దాదాపు 590 నుండి 620 నానోమీటర్లలోపలనే, నారింజ ఎరుపు గీతలుగా, వెలుగుచుండును. బిస్మతు జంట వీధి అరుగుమీద కూర్చున్నవాడు. ప్రక్కనున్న ఆక్సిజను ఎంత దగ్గరగా నున్నది, ఆ బంధములో ఎలక్ట్రానుల పంపకము ఎట్లున్నది, పొరుగున ఏ లోహమున్నది అను ప్రతి విషయమును దానికి తగులును. ఇల్లు మారిన, రంగు మారును.

ఇందుకు యిట్రియము ఫాస్ఫేటు, యిట్రియము వెనేడేటు అను రెండు స్ఫటికముల కంటె మంచి ఉదాహరణము లేదు. రెండును ఒకే అమరిక గలవి. జిర్కాను అను ఖనిజపు అమరికయే రెండింటికిని. ఒకదానిలో భాస్వరమున్న చోట రెండవ దానిలో వెనేడియమున్నది, అంతే. ఫాస్ఫేటులో బిస్మతు 241 నానోమీటర్ల దరిదాపున, అనగా కంటికి కనబడని గాఢమైన అతినీలలోహితములో, వెలుగును. వెనేడేటులో అదే బిస్మతు 570 నానోమీటర్ల దరిదాపున నిండు పసుపుగా వెలుగును. వెనేడేటులో వెలుగు బిస్మతు ఒంటరిగా విడుచునది కాదనియు, బిస్మతు ఎలక్ట్రాను పొరుగు వెనేడియము మీదికి దాటి తిరిగి వచ్చుటవలన కలుగుననియు నేడు ఎక్కువమంది అంగీకరించిన వివరణము. వెనేడియమునకు ఎలక్ట్రానును చేరదీయగల ఖాళీస్థానము తక్కువ శక్తిలో సిద్ధముగా నున్నది, భాస్వరమునకు లేదు.

యిట్రియము ఆక్సైడు మరొక వింత చూపును. ఈ స్ఫటికములో యిట్రియమునకు రెండు విధములైన స్థానములు కలవు. ఒక విధమైనవి మూడుండగా రెండవ విధమైనది ఒకటి చొప్పున ఉండును. రెండింటిలోను చుట్టును ఆరు ఆక్సిజనులే. కాని ఆ ఆరింటి అమరికలో సౌష్ఠవము వేరు. ఎక్కువ సౌష్ఠవము గల స్థానములోని బిస్మతు 410 నానోమీటర్ల దరిదాపున ఊదారంగుగా వెలుగగా, తక్కువ సౌష్ఠవము గల స్థానములోనిది 500 దరిదాపున ఆకుపచ్చగా వెలుగును. ఒకే పొడి, ఒకే బిస్మతు, రెండు రంగులు! 370 నానోమీటర్ల కాంతి పడినపుడు మొదటి రంగు, 345 దరిదాపు కాంతి పడినపుడు రెండవ రంగు ముందుకు వచ్చును.

ఇట్టి విషయములు నిన్న మొన్న కనుగొనబడినవి కావు. బిస్మతు కలిపిన కాల్షియము సల్ఫైడును ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోనే జర్మనీలో లెనార్డు పరీక్షించెను. యిట్రియము వెనేడేటులో బిస్మతు ప్రభావమును గూర్చిన పత్రము 1967 లో వెలువడినది. పలు స్ఫటికములలో బిస్మతు వెలుగును పోల్చి చూపిన బ్లాసె, బ్రిల్ అను హాలండు శాస్త్రజ్ఞుల పత్రము 1968 నాటిది. నేటి పత్రములలో కొన్ని వీనిని తలచుకొనకయే క్రొత్తదనమును చాటుకొనుట చదువరికి కొంత కష్టముగా తోచును.

ఐనను నిజముగా క్రొత్తవి లేకపోలేదు. 2016 లో 'కెమిస్ట్రీ ఆఫ్ మెటీరియల్స్' పత్రికలో కాంగ్, పెంగ్ మొదలైనవారు ప్రచురించిన పరిశోధన అందులకు తార్కాణము. యిట్రియము, స్కాండియము, నియోబియము, వెనేడియము అను నాలుగు లోహముల పాళ్లను మార్చుచు, ఒక్క బిస్మతుతోనే దృశ్య వర్ణపటమంతటను రంగును జరుపవచ్చునని వారు చూపిరి. యిట్రియము నియోబేటులో బిస్మతు వెలుగు నీలము. యిట్రియము వెనేడేటులో పసుపు. స్కాండియము వెనేడేటులో ఎరుపు. ఈ కొనల నడుమ పాళ్లు మారినకొలది రంగు జరుగుచుండును. ఈ పత్రము మేలైనదగుటకు కారణము రంగుల పట్టిక కాదు. స్ఫటికముయొక్క శక్తి అంతరము తగ్గినకొలది వెలుగు ఎరుపు వైపు జరుగునను నియమమును ముందు పెట్టుకొని, ఆ నియమముననుసరించి పాళ్లను ఎంచుకొనుటయే. తోచిన పొడులన్నియు కలిపి కాల్చి, వచ్చిన రంగునకు పిమ్మట కారణము వెదకుటకును దీనికిని తేడా కలదు.

పలు పత్రములలో రంగు మార్చుట అను మాట క్రింద వేరువేరు పనులు కలగాపులగమగుచున్నవి. పైన చెప్పినది నిజముగా ఒకే అయాను రంగును జరుపుట. ఇక, నీలముగా వెలుగు బిస్మతునకు తోడుగా యూరోపియమును చేర్చి, బిస్మతు మ్రింగిన శక్తిలో కొంత యూరోపియమునకు అందునట్లు చేసి, నీలమును ఎరుపును పాళ్లుగా కలుపుట మరొక పని. అది ఉపయోగము లేనిది కాదు. కాని అది రెండు రంగులను కలుపుటయే గాని బిస్మతు రంగును మార్చుట కాదు. పైగా అందులో యూరోపియము ఉన్నది గనుక విరళ మృత్తికలు అక్కరలేదను మాట అచటనే చెల్లకపోవును. మూడవది యిట్రియము ఆక్సైడులో వలె, పడు కాంతి తరంగదైర్ఘ్యమునుబట్టి రంగు మారుట. ప్రయోగశాలలో ఇది గుణముగా ఎన్నబడును. దీపములో ఇదియే దోషము. ఎల్.ఇ.డి. తునక వేడెక్కినపుడు దాని తరంగదైర్ఘ్యము కొలదిగా జరుగును. ఒక్కొక్క తునకకు మరొక తునకకు కూడ కొంత భేదముండును. ఫాస్ఫరు అంత సున్నితమైనదైనచో తరగతి గదిలోని నాలుగు దీపములు నాలుగు రంగులుగా వెలుగును.

ఇక విమర్శకు ముఖ్యమైన స్థానము వచ్చినది. రంగు జరుపబడిన పిమ్మట ఆ వెలుగు ఎంత మిగిలినది?

ఇట్టి పత్రములలో తరచు కనిపించు పటమొకటి గలదు. అందు ఏడెనిమిది వర్ణపట రేఖలు నీలము నుండి ఎరుపు వరకు వరుసగా నిలిచి యుండును. అన్నింటి శిఖరములు ఒకే ఎత్తు. చూచుటకు ఇంద్రధనుస్సు వలె నుండును. ఈ ఎత్తులు కొలిచినవి కావు. రంగును పోల్చుటకై ప్రతి రేఖను దాని శిఖరముతో భాగించి, అన్నింటిని ఒకటిగా సరిపెట్టి గీసినవి. రంగును పోల్చుటకు ఈ పద్ధతి తప్పు కాదు. కాని మొదటి పొడి మ్రింగిన 100 ఫోటానులకు 80 ఫోటానులను, చివరి పొడి 8 మాత్రమే విడిచినను పటములో రెండును సమానముగనే కనిపించునని చదువరి గుర్తింపవలెను. (ఈ అంకెలు ఉదాహరణమునకు మాత్రమే.) తరగతిలో ఒక విద్యార్థికి నూటికి 90, మరియొకనికి 9 మార్కులు వచ్చినపుడు, ప్రతివాని మార్కులను వానితోనే భాగించిన ఇద్దరికిని ఒకటే వచ్చును. మ్రింగిన ఫోటానులకు విడిచిన ఫోటానులకు గల నిష్పత్తిని క్వాంటం సామర్థ్యమందురు. మంచి సీరియము గార్నెట్‌లో ఇది నూటికి 90 కి మించి యుండును. బిస్మతు పత్రము ఏదైనను సరే, ఈ అంకె అందు లేనిచో రంగుల పటమును చూచి సంతోషించుట తొందరపాటు.

వేడిమి ప్రశ్న దీని కంటెను కఠినమైనది. శక్తిగల ఎల్.ఇ.డి. దీపములో ఫాస్ఫరు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుచుండును. కనుక 150 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద వెలుగెంత నిలిచినదో చెప్పుట పరిపాటి అయినది. ఇచట బిస్మతుయొక్క గుణమే దానికి ఋణముగా మారుచున్నది. లెక్క వేసి చూచిన తెలియును. ఫోటాను శక్తిని ఎలక్ట్రాను వోల్టులలో తెలిసికొనుటకు 1240 ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యముతో భాగించిన చాలును. యిట్రియము వెనేడేటులో బిస్మతు 340 నానోమీటర్ల దరిదాపున మ్రింగి 570 వద్ద విడుచును. మ్రింగినది 3.65, విడిచినది 2.18. తేడా 1.47 ఎలక్ట్రాను వోల్టులు. ఈ తేడా ఎచటికి పోయినది? ఎలక్ట్రాను స్థితి మారగనే చుట్టునున్న పరమాణువులు క్రొత్త స్థితికి తగినట్లు ప్రక్కకు జరిగినవి; ఆ జరుగుటలో శక్తి కంపనములుగా, అనగా వేడిగా, ఖర్చైనది.

పరమాణువులు ఎక్కువగా జరిగినకొలది మరొక ప్రమాదము దగ్గరపడును. ఉత్తేజిత స్థితిని ఒక గుంట యనియు, మామూలు స్థితిని దాని ప్రక్కనున్న పల్లపు గుంట యనియు అనుకొన్నచో, రెండింటి నడుమ నొక గట్టుండును. గుంటలు దూరముగా జరిగినకొలది, ఈ విచిత్రమైన పొలములో గట్టు ఎత్తు తగ్గును. వేడెక్కిన స్ఫటికములో శక్తి ఆ గట్టు దాటి, వెలుగు విడువకయే, పల్లమునకు పోవును. బిస్మతు జంట అరుగుమీద కూర్చుండుటచేతనే ఇల్లు మారిన రంగు మారుచున్నది. అరుగుమీద కూర్చుండుటచేతనే ఇంటి గోడల కదలిక కూడ దానికి తగులుచున్నది. ఎరుపు కొరకు మ్రింగు కాంతికిని విడుచు కాంతికిని మధ్య దూరమును పెంచినపుడు వేడికి ఆరిపోవు గుణము కూడ సాధారణముగా పెరుగును. కనుక రంగును కోరినట్లు మార్చుట, వేడికి నిలుచుట అనునవి రెండు వేరు పరీక్షలు కావు. ఒకే కారణముయొక్క రెండు ముఖములు. ఈ సంగతిని వెనుకటి తరము శాస్త్రజ్ఞులు బాగుగనే ఎరుగుదురు. నేటి పత్రములలో అది తరచు చివరి పేజీలో, చివరి పటములో, ఒక్క వాక్యముతో ముగియుచున్నది. మొదటి పేజీలో ఉండవలసినది అదియే.

మ్రింగు కాంతి విషయము కూడ ఇంతే. బిస్మతు ఫాస్ఫరులలో అధికభాగము 250 నుండి 380 నానోమీటర్లలోపలి అతినీలలోహితమునే మ్రింగును. అంగడిలో చవకగా, సమర్థముగా దొరకు నీలితునకతో ఇవి వెలుగవు. సమీప అతినీలలోహిత తునక కావలెను. అందును 365 నుండి 405 వరకు మంచి తునకలున్నవి గాని, 340 దరిదాపున సామర్థ్యము బాగుగ పడిపోవును. తునక ఎంత మంచిదైనను తప్పని నష్టమొకటి ఉన్నది. 450 నానోమీటర్ల ఫోటానును 560 నానోమీటర్ల ఫోటానుగా మార్చినపుడు, ఒక్క ఫోటానును పోనీయకున్నను, శక్తిలో నూటికి 80 పాళ్లు మిగులును. 365 నుండి 580 కి మార్చినపుడు మిగులునది నూటికి 63 మాత్రమే. పైగా నీలి దీపములో నీలములో కొంత మార్పు లేకుండ నేరుగా తెలుపులో చేరుచున్నది. అతినీలలోహిత దీపములో కన్ను చూడని కాంతిని సాంతముగ మార్చియే తీరవలెను. మిగిలిన అతినీలలోహితము బయటికి రాకుండ చూచుట, అది తునకను కప్పిన జిగురును పాడుచేయకుండ చూచుట అదనపు పనులు.

విరళ మృత్తికల వాదమును ఇప్పుడు తూకము వేయవచ్చును. ఇది పదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క. యిట్రియము పరమాణు భారము 88.9, అల్యూమినియము 27, ఆక్సిజను 16, వెనేడియము 50.9. గార్నెట్‌లో మూడు యిట్రియములు, ఐదు అల్యూమినియములు, పన్నెండు ఆక్సిజనులు, మొత్తము 593.7, అందు యిట్రియము 266.7. అనగా నూటికి 44.9. వెనేడేటులో ఒక యిట్రియము, ఒక వెనేడియము, నాలుగు ఆక్సిజనులు, మొత్తము 203.8, అందు యిట్రియము 88.9. అనగా నూటికి 43.6. సీరియమును తీసివేసి బిస్మతును పెట్టి, దానికి ఇల్లుగా యిట్రియము వెనేడేటును వాడినపుడు మిగిలిన విరళ మృత్తిక ఎంత? నూరు గ్రాముల పొడికి గ్రాము చిల్లర యిట్రియము, దానితోపాటు గార్నెట్‌లో పిడికెడైన లేని సీరియము. ఎరుపు కొరకు వాడిన స్కాండియము కూడ విరళ మృత్తికలలో చేర్చబడునదే. ధరలో యిట్రియము కంటె ఎంతో ప్రియము. బిస్మతునకు ఇల్లుగా యిట్రియము, లాంథనము, గడోలినియము, లుటీషియములను ఎంచుటకు కారణము లేకపోలేదు. అన్నింటికిని మూడు ఆవేశములే. బిస్మతు వాని స్థానములో చిక్కు లేకుండ ఇముడును. కాని అట్టి పత్రమునకు పీఠికలో విరళ మృత్తికల కొరతను గూర్చి విచారపడుట పొసగదు. కాల్షియము, జింకు వంటి సామాన్య లోహముల స్ఫటికములలో బిస్మతును వెలిగించినవారికి మాత్రమే ఆ వాదము చెల్లును. వారికి రెండు ఆవేశముల చోట మూడు ఆవేశముల అయానును ఇముడ్చు చిక్కు కలదు. ఆ చిక్కును ఎదుర్కొన్న శ్రమకు గౌరవము కూడ చెల్లును.

సరఫరా సంగతి చూచినను అంతే. బిస్మతు ఎక్కువభాగము సీసము మొదలైన లోహములను శుద్ధిచేయునపుడు ఉపఫలముగ వచ్చును. దానిని శుద్ధిచేయుటలో చైనాయే ప్రధాన దేశము. 2025 ఫిబ్రవరిలో ఆ దేశము టంగ్‌స్టను, టెల్లూరియము, మాలిబ్డినము, ఇండియములతోపాటు బిస్మతు ఎగుమతిపై కూడ అదుపు విధించినది. అదే సంవత్సరము ఏప్రిలులో యిట్రియము, స్కాండియము చేరిన ఏడు విరళ మృత్తికలపై విధించినది. ఒక చేతిలోని తాళమును తప్పించుకొనుటకు అదే చేతిలోని మరొక తాళమును ఆశ్రయించినట్లున్నది.

ఇన్ని లోపములు చెప్పిన పిమ్మట బిస్మతుయొక్క నిజమైన బలమును దాచుట న్యాయము కాదు. ఆశ్చర్యమేమన, పత్రములు రంగును గూర్చి చేసినంత సందడి దీనిని గూర్చి చేయవు. నేడు ఎరుపు కొరకు దీపములలో వాడు కాల్షియము అల్యూమినియము సిలికాన్ నైట్రైడులో రెండు ఆవేశముల యూరోపియమున్నది. అది 650 నానోమీటర్ల దరిదాపున చక్కని ఎరుపును విడుచును, వేడికి నిలుచును. కాని అది నీలమునే గాక ఆకుపచ్చను, కొంత పసుపును కూడ మ్రింగును. ప్రక్కనున్న పచ్చపొడి శ్రమపడి తయారుచేసిన వెలుగును ఎఱ్ఱపొడి తినివేయును. ఒకమారు మారిన వెలుగు మరల మారుటవలన నష్టము రెట్టింపగును. పొడుల పాళ్లలో కొంచెము తేడా వచ్చినను దీపము రంగు తప్పును. బిస్మతునకు ఈ దుర్గుణము తక్కువ. అది అతినీలలోహితమును మాత్రమే మ్రింగి దృశ్యకాంతిని తాకక విడిచిపెట్టును. నీలము, పచ్చ, ఎరుపు పొడులు మూడింటిని కలిపినను ఒకదాని వెలుగును మరొకటి దొంగిలింపదు. నీలికాంతితో వెలుగకపోవుట ఏ గుణముచేత దోషమైనదో, ఆ గుణముచేతనే ఈ మేలు కలుగుచున్నది. ఊదా, అతినీలలోహిత తునకలతో మేలురకపు దీపములు చేయదలచినవారికి ఇది చిన్న విషయము కాదు. అయినచో పత్రమునందు రంగుల ఇంద్రధనుస్సునకు బదులు, మిశ్రమములో నుంచినపుడు ఎంత వెలుగు దొంగిలింపబడక మిగిలినదో చూపవలెను. అట్టి కొలత చేసినవారు కొలదిమందియే.

కొలతల సంగతి వచ్చినది గనుక మరొక మాట. పత్రముల చివర తయారుచేసిన తెల్లదీపమునకు రెండంకెల వర్ణస్థానము, వర్ణదర్శన సూచిక అను సంఖ్య ఇచ్చుట ఆచారము. వర్ణస్థానము 0.33, 0.33 దరిదాపున ఉన్నంత మాత్రమున మంచి తెలుపు కాదు. ఒక నీలిగీత, ఒక పసుపుగీత కలిపినను ఆ స్థానమే రావచ్చును. ఆ వెలుగులో ఎఱ్ఱచీర మట్టిరంగుగ కనిపించును. వర్ణదర్శన సూచిక దీనికంటె నమ్మదగినది గాని, సాధారణముగా ఇచ్చు సంఖ్య ఎనిమిది లేతరంగుల సగటు. నిండు ఎరుపు తొమ్మిదవది, సగటులో చేరదు. ఎరుపును సరిచేయుటకే పుట్టిన పొడిని గూర్చిన పత్రము తొమ్మిదవ అంకెను చెప్పక సగటుతో తృప్తిపడిన యెడల, చదువరి అనుమానింపదగును. పాఠశాలలో పాత కాంపాక్టు డిస్కు ఒకటి చాలును. చీకటిగదిలో సన్నని చీలిక వెనుక ఎల్.ఇ.డి. దీపమునుంచి డిస్కుపై ఏటవాలుగ చూచినచో నీలిపట్టీ, దాని తరువాత నొక మందమైన చోటు, అటుపిమ్మట పచ్చ పసుపుల వెడల్పు పట్టీ, చివర పలుచబడిన ఎరుపు కనిపించును. పక్కనే పాత తంతుదీపము నుంచి పోల్చినపుడు ఎరుపు ఎంత కొరవడినదో పుస్తకము చెప్పకయే తెలియును.

బిస్మతు పని మూడు ఆవేశములతోనే ముగియలేదు. రెండు ఆవేశముల బిస్మతు స్ట్రాన్షియము బోరేటులో నారింజ ఎరుపుగా వెలుగుటను 1994 లో బ్లాసె మొదలైనవారు వర్ణించిరి. 2009 లో పెంగ్, వొండ్రాచెక్ దానిని తెల్లదీపములకు పరిశీలించిరి. ఇది నీలికాంతిని కూడ మ్రింగగలదు. స్ట్రాన్షియము, బోరాను విరళ మృత్తికలు కావు. పత్రముల పీఠికలు వాగ్దానము చేయు రెండు విషయములును ఇచట ఒకేచోట నున్నవి. ఐనను ఆ మ్రింగుట బలహీనమైనది, రెండు ఆవేశముల స్థితిలో బిస్మతును నిలుపగల స్ఫటికములు కొలదియే. మూడు ఆవేశముల బిస్మతు మీద వ్రాయబడిన కాగితములతో పోల్చిన, దీని మీద వ్రాయబడినవి బహు స్వల్పము. ఇందు రంగును జరుపుటకు అంత చోటు లేదు. అందుచేత అందమైన పటము గీయుటకును వీలు లేదు.